కొండలెక్కడానికి స్పోర్ట్స్ వాచ్: ఎలా ఎంచుకోవాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

బూట్లు, జాకెట్, బ్యాగు కొనడం అయిపోయాక ట్రెక్కుకు వెళ్లేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఏ వాచ్ కొనమంటారు?" ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్లి వారంలోపు తిరిగొచ్చేవాళ్లకీ, ఉత్తరకాశీలోనో మనాలీలోనో నాలుగు వారాల బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకు వెళ్లేవాళ్లకీ, రోజూ పొద్దున పార్కులో పరిగెత్తి ఏడాదికోసారి కొండెక్కేవాళ్లకీ ఒకే వాచ్ సరిపోదు. అందుకే ఈసారి పేర్లు పక్కనపెట్టి, మీకు దానితో ఏం పని ఉందో అక్కణ్ణుంచి మొదలుపెడదాం. కొనడం ఎలాగో సగం చెప్తాను. మిగతా సగం, కొన్న వాచ్‌ని ఇంటి దగ్గర పరీక్షించడం గురించి. నా దృష్టిలో అదే అసలు పని. మన ఊళ్లో ఒక్కసారి కూడా సరిచూసుకోని వాచ్ చూపించే అంకెను నాలుగు వేల మీటర్ల పైన నమ్మకండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మీ ట్రెక్ ప్లాన్. ఏ రోజు ఎన్ని గంటల నడక, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారు, కరెంటు ఎక్కడిదాకా ఉంటుంది అన్నవి అందులో ఉండాలి.
- చలికి వేసుకోబోయే గ్లవ్స్. షాపుకు వెళ్తే వెంట తీసుకెళ్లండి.
- ఒక చెస్ట్ స్ట్రాప్, అంటే ఛాతీకి కట్టుకుంటే గుండె వేగం కొలిచే పట్టీ. సొంతది లేకపోతే పరిగెత్తే స్నేహితుల దగ్గర రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి.
- ఎత్తు కచ్చితంగా తెలిసిన ఒక చోటు. దీనికి మనకో మంచి సదుపాయం ఉంది, రైల్వే స్టేషన్. ప్లాట్‌ఫాం చివర ఉండే పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది.
- వాచ్ వచ్చిన డబ్బా, బిల్లు. రిటర్న్ గడువు అయ్యేదాకా పారేయొద్దు. పరీక్షలన్నీ ఆ గడువులోనే అయిపోవాలి.

1. మీ ట్రిప్‌లో అన్నిటికన్నా పొడుగు రోజు, అన్నిటికన్నా చల్లటి రాత్రి ఏవో రాసుకోండి

కిలిమంజారో అనుకోండి. శిఖరం ఎక్కే రోజు అర్ధరాత్రి బయల్దేరతారు, ఎక్కి దిగి క్యాంపు చేరేసరికి పన్నెండు గంటలు దాటొచ్చు, పైన 5,895 మీటర్ల దగ్గర తెల్లవారుజామున సున్నాకు బాగా కింద చలి. మీ వాచ్ ఆ ఒక్క రోజుకు తట్టుకుంటే మిగతా రోజులన్నీ తట్టుకుంటుంది. అలాంటి రోజు మీ ప్లాన్‌లో లేదా? అరకు, లంబసింగి, నల్లమలలో రెండేసి రోజుల నడకలేనా? అయితే ఖరీదైన వాచ్ మీకు అక్కర్లేదు, ఆ డబ్బు మంచి బూట్ల మీద పెట్టండి.

2. రెండు జాతుల్లో ఏది కావాలో తేల్చుకోండి

మొదటిది జీపీఎస్ లేని వాచ్. ఎత్తు, గాలి పీడనం, దిక్కు, ఈ మూడే చూపిస్తుంది. కాసియో ప్రో ట్రెక్, సూంటో కోర్ లాంటివి ఈ రకం. ప్రో ట్రెక్‌లో చాలా మోడళ్లు ఎండతోనే ఛార్జ్ అవుతాయి, సూంటో కోర్‌లో మామూలు సీఆర్2032 బటన్ సెల్, దాన్ని మీరే మార్చుకోవచ్చు. ఛార్జింగ్ టెన్షన్ ఉండదు. నెల రోజుల కోర్సుకు వెళ్లేవాళ్లకు ఇది నిజంగా పెద్ద సుఖం. కానీ నడిచిన దారి రికార్డవదు, గుండె వేగం తెలియదు.

రెండోది జీపీఎస్ స్పోర్ట్స్ వాచ్. గార్మిన్ ఇన్‌స్టింక్ట్, ఫీనిక్స్, కోరోస్, సూంటోలో కొత్తవి, పోలార్ గ్రిట్ ఎక్స్, అమేజ్‌ఫిట్ టీ-రెక్స్ ఇలా. ఇంటి దగ్గర వారానికి నాలుగైదు రోజులు ట్రైనింగ్ చేసేవాళ్లకు ఇదే ఉపయోగం, ఎందుకంటే ఏడాదిలో కొండ మీద ఉండేది ఒకటి రెండు వారాలు, ట్రైనింగ్ మాత్రం నెలల తరబడి.

"ఫోన్ ఉంది కదా, మామూలు స్మార్ట్ వాచ్ చాలదా?" అని అడుగుతారు. చవక స్మార్ట్ వాచ్‌లలో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు, ఫోన్ నుంచి అరువు తెచ్చుకుంటాయి. ఫోన్ బ్యాటరీ పోయిందంటే వాచ్‌లో జీపీఎస్ కూడా పోయినట్టే. స్పెసిఫికేషన్లలో "బిల్ట్ ఇన్ జీపీఎస్" అని స్పష్టంగా ఉందో లేదో చూడండి. "కనెక్టెడ్ జీపీఎస్" అని ఉంటే కొండకు పనికిరాదు.

3. బారోమెట్రిక్ ఆల్టిమీటర్ ఉందా? లేకపోతే అక్కడే ఆపేయండి

ఎత్తును వాచ్ రెండు రకాలుగా కనుక్కోగలదు: జీపీఎస్ నుంచి, లేదా బారోమీటర్ కొలిచే గాలి పీడనం నుంచి. జీపీఎస్ ఎత్తు లోయల్లో, చెట్ల కింద పదుల మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. బారోమీటర్ మాత్రం మీరు రెండు అంతస్తులు ఎక్కినా పట్టుకుంటుంది. "ఆల్టిట్యూడ్ చూపిస్తుంది" అని రాసి ఉంటే చాలదు, బారోమీటర్ సెన్సర్ ఉందని విడిగా రాసి ఉండాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పెట్టె మీద పర్వతం బొమ్మ ఉంటుంది, లోపల బారోమీటర్ ఉండదు.

4. బ్యాటరీ లెక్క మీరే వేసుకోండి

ప్రకటనలో "30 రోజులు" అని ఉంటే అది టైం చూసుకోవడానికి మాత్రమే. మీకు కావలసిన అంకె, జీపీఎస్ పూర్తిగా నడుస్తున్నప్పుడు ఎన్ని గంటలు అన్నది. అందులోనూ రెండు మూడు మోడ్‌లు ఉంటాయి. సెకనుకోసారి రికార్డు చేసే మోడ్ వేరు, నిమిషాలకోసారి చేసే ఎక్స్‌పెడిషన్ మోడ్ వేరు. ఆ రెండో అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తారు, దాన్ని చూసి కొనకండి.

రోజుకు ఆరు గంటల చొప్పున ఐదు రోజులు, శిఖరం రోజు పన్నెండు గంటలు అనుకుంటే 42 గంటలు. చలిలో లిథియం బ్యాటరీ తొందరగా పడిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ శక్తి తగ్గుతుంది కూడా. నేనైతే కంపెనీ చెప్పిన గంటల్లో మూడో వంతు తీసేసి లెక్కేస్తాను. 60 గంటలు అన్నది 40 అనుకోవాలి. మీ లెక్కకు అది చాలకపోతే పెద్ద వాచే కొనక్కర్లేదు, మధ్యలో ఒకసారి పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేస్తే సరిపోతుంది. ఒక హెచ్చరిక: గడ్డకట్టే చలిలో చల్లబడిపోయిన వాచ్‌ని, పవర్ బ్యాంక్‌ని అలాగే ఛార్జింగ్‌కి పెట్టొద్దు, బ్యాటరీ దెబ్బతింటుంది. రెండింటినీ స్లీపింగ్ బ్యాగ్‌లో కాసేపు ఒంటి దగ్గర పెట్టుకుని వెచ్చబడ్డాక పెట్టండి.

5. గ్లవ్స్ వేసుకుని నొక్కి చూడండి

టచ్ స్క్రీన్ ఒక్కటే ఉన్న వాచ్ వద్దు. మందపాటి గ్లవ్స్‌తోనూ, వాన తడిసిన వేళ్లతోనూ టచ్ పనిచేయదు. రికార్డింగ్ మొదలుపెట్టడం, ఆపడం, పేజీ మార్చడం, లైటు, ఈ నాలుగూ బటన్లతో అవ్వాలి. షాపులో గ్లవ్స్ వేసుకుని నొక్కితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. బటన్లు మరీ తేలిగ్గా నొక్కుకుపోతున్నాయా అన్నది కూడా చూడండి, జాకెట్ చేయి తగిలి రికార్డింగ్ ఆగిపోతే ఆ రోజు దారి మొత్తం పోతుంది. బటన్ లాక్ ఉంటే మంచిది.

స్క్రీన్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అమోలెడ్ అందంగా ఉంటుంది, ఇంట్లో చూడ్డానికి బాగుంటుంది. ఎక్కువ రోజులు కరెంటు లేని చోటికి వెళ్లేవాళ్లకు ఎండ పడేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపించే, ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే మామూలు ఎంఐపీ స్క్రీన్ మేలు. అద్దం సఫైర్ అయితే రాతికి గీసుకున్నా తొందరగా గీతలు పడవు. సఫైర్ లేకపోయినా ఫర్వాలేదు, అంచు అద్దంకన్నా కాస్త ఎత్తుగా ఉంటే చాలు. స్ట్రాప్ జాకెట్ చేతి మీద నుంచి కట్టుకునేంత పొడుగు ఉందో లేదో చూసుకోండి.

6. మ్యాప్ కావాలా, దారి గీత చాలా?

పూర్తి మ్యాప్ ఉన్న వాచ్‌లు ఖరీదు. చవకవాటిలో మీరు ముందే ఎక్కించుకున్న దారి (జీపీఎక్స్ అనే ఫైల్‌లో ఉంటుంది) ఒక గీతలా కనిపిస్తుంది, దాని మీద మీరెక్కడున్నారో చుక్క కనిపిస్తుంది. గైడ్‌తో వెళ్లే ట్రెక్కులకు ఆ గీత బాగా సరిపోతుంది. వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లే ఫీచర్ మాత్రం తప్పకుండా ఉండాలి, మంచు పొగలో దారి తప్పితే పనికొచ్చేది అదే. ఇరుకు లోయల్లో ఎక్కువ తిరిగేవాళ్లు రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్ ఉన్నది తీసుకోండి, బండలకు తగిలి వచ్చే సిగ్నల్ వల్ల వచ్చే తప్పు దానిలో తగ్గుతుంది.

7. గుండె వేగం, ఆక్సిజన్: ఎంతవరకు నమ్మాలి

మణికట్టు మీద పచ్చలైటుతో గుండె వేగం చూసే సెన్సర్ చదును నేల మీద నిలకడగా నడిచేటప్పుడు బాగానే పనిచేస్తుంది. ట్రెక్కింగ్ పోల్స్ గట్టిగా పట్టుకున్నప్పుడు, చలికి చేతికి రక్తం తగ్గినప్పుడు, మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నప్పుడు తడబడుతుంది. ఒక్కోసారి మీ అడుగుల వేగాన్నే గుండె వేగంగా చూపిస్తుంది. మెల్లగా నడుస్తున్నా 170 కనిపిస్తే మీ గుండెకేదో అయిందని కంగారుపడకుండా ముందు మెడ దగ్గర నాడి పట్టుకుని లెక్కపెట్టుకోండి. ట్రైనింగ్ సీరియస్‌గా చేసేవాళ్లు చెస్ట్ స్ట్రాప్ కలిసే వాచే తీసుకోండి.

ఆక్సిజన్ శాతం చూపించే ఫీచర్ కోసం మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. చల్లటి చేతి మీద అది చూపించే అంకె నమ్మదగింది కాదు. ఎత్తులో తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తూలడం, అన్నం సహించకపోవడం ఉంటే వాచ్ ఎంత చూపించినా సరే పైకి వెళ్లొద్దు, గైడ్‌కి చెప్పండి, తగ్గకపోతే కిందికి దిగండి. తూలుతుంటే మాత్రం తగ్గేదాకా ఆగొద్దు, వెంటనే దిగండి. ఈ విషయంలో వాచ్ నిజంగా సాయపడేది ఆల్టిమీటర్‌తోనే. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యంలో అందరూ పాటించే సూత్రం. రోజూ రాత్రి క్యాంపు ఎత్తు రాసుకోండి, ట్రెక్ ఆపరేటర్ ఇచ్చిన ప్లాన్ ఈ 500 మీటర్ల హద్దు మీరుతోందేమో బయల్దేరకముందే చూసుకోండి.

8. శాటిలైట్ ఫీచర్లున్న వాచ్ కొనేముందు ఆగండి

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ముఖ్యంగా చదవాల్సిన సంగతి. కొత్త వాచ్‌లు కొన్నిటిలో ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు, ఎస్ఓఎస్ పంపే సౌకర్యం వచ్చింది. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు వాడటం నేరం. వాటితో వచ్చిన విదేశీ ట్రెక్కర్లను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. జీపీఎస్ వాచ్‌తో ఏ ఇబ్బందీ లేదు, సిగ్నల్ అందుకోవడమే తప్ప అది ఏమీ పంపదు. అన్నయ్య అమెరికా నుంచి తెస్తానంటే మోడల్ పేరు పూర్తిగా అడిగి, శాటిలైట్ మెసేజింగ్ లేనిదే తెమ్మనండి. వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నదీ అప్పుడే కనుక్కోండి.

9. మొదటి వారంలోనే చేయాల్సిన పరీక్షలు

*ఎత్తు.* స్టేషన్ బోర్డు దగ్గరకు వెళ్లి అక్కడున్న అంకెను వాచ్‌లో సెట్ చేయండి. విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్తే ఇంకా మంచిది, ఒక్క పూటలో సముద్రమట్టం దగ్గర నుంచి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ స్టేషన్ దాకా ఎక్కుతారు, దారి పొడుగునా బోర్డులే. బోర్డుకీ వాచ్‌కీ తేడా ఎలా పెరుగుతోందో రాసుకోండి. మన ఎండల్లో గాలి వేడెక్కి పలచబడుతుంది కాబట్టి వాచ్ నిజంగా ఎక్కినదానికన్నా కాస్త తక్కువ చూపించడం మామూలే, వందకు ఐదారు మీటర్ల తేడాను లోపం అనుకోవద్దు.

తిరుపతి దగ్గరవాళ్లకు అలిపిరి మెట్లదారి ఉంది. 3,550 మెట్లు, చాలా దూరం పైన కప్పు ఉంటుంది. కప్పు కింద జీపీఎస్ గీత వంకరలు పోవడం చూస్తారు, ఎత్తు మాత్రం మెట్టు మెట్టుకీ సరిగ్గా పెరుగుతుంది. బారోమీటర్ ఎందుకు కావాలో అక్కడ మీకే తెలుస్తుంది. హైదరాబాద్ వాళ్లకు భువనగిరి కొండ ఉంది. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు రాతి మీద తొలి పాఠాలు నేర్చుకున్నది అక్కడే. ఎక్కి, దిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడండి. రెండు గంటల్లో పని అయిపోతే మొదటి అంకెకూ చివరి అంకెకూ తేడా పది మీటర్ల లోపు ఉండాలి.

ఇక్కడ చాలామంది కంగారుపడే సంగతులు రెండు. ఒకటి: ఇంట్లో టేబుల్ మీదున్న వాచ్ పొద్దున పదింటికి ఒక ఎత్తు, సాయంత్రం నాలుగింటికి ముప్ఫై మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. వాచ్ బాగానే ఉంది. మన ప్రాంతంలో గాలి పీడనం రోజూ పదింటికి ఎక్కువగా, నాలుగింటికి తక్కువగా ఉంటుంది, తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్). తక్కువ ఎత్తుల్లో ఒక్కో హెక్టోపాస్కల్ తేడాకు వాచ్ చూపించే ఎత్తు ఎనిమిది మీటర్లకు పైనే మారుతుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ తక్కువ సమయంలో ముగించమనేది. రెండు: వాతావరణ యాప్‌లో 1010 ఉంటే వాచ్‌లో 950 ఉందేమిటని. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడి అసలు పీడనం అంతే ఉంటుంది. యాప్ సముద్రమట్టానికి సరిచేసిన అంకె చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో రెండింటిలో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు.

*దిక్కు.* కారు, ఇనుప గేటు, ఫోన్, మాగ్నెట్ కవర్లకు దూరంగా వెళ్లి వాచ్ చెప్పినట్టు తిప్పి కాలిబ్రేట్ చేయండి. ఫోన్ కంపాస్‌తో పోల్చొద్దు, అదీ తప్పు చూపించొచ్చు. చిన్న బేస్‌ప్లేట్ కంపాస్ (పలచటి ప్లాస్టిక్ పలక మీద బిగించిన దిక్సూచి) కొనుక్కుని దానితో పోల్చండి, కొండకు ఎలాగూ అదీ తీసుకెళ్లాలి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన దేశంలో చాలాచోట్ల మూడు డిగ్రీల లోపే. అలాస్కా లాంటి చోట పది డిగ్రీలు దాటుతుంది, అక్కడ ఆ తేడాను (డెక్లినేషన్) వాచ్‌లో పెట్టుకోకపోతే దారి తప్పుతారు.

*దూరం.* 400 మీటర్ల ట్రాక్ మీద లోపలి లైన్‌లో పది రౌండ్లు. 3.9 నుంచి 4.1 కిలోమీటర్ల మధ్య వస్తే బాగున్నట్టే. మొదలుపెట్టేముందు జీపీఎస్ పూర్తిగా దొరికేదాకా కదలకుండా నిలబడండి, ఆ నిమిషం ఓపిక పట్టకే సగం మంది వాచ్ బాగాలేదంటారు.

*గుండె వేగం.* బ్యాగులో పది కిలోలు వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగండి, చెస్ట్ స్ట్రాప్ అంకెతో పోల్చండి. వాచ్‌ని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన, జారకుండా బిగించాలి.

*బ్యాటరీ.* ఆదివారం ఒకటి కేటాయించి జీపీఎస్ పూర్తి మోడ్‌లో ఎనిమిది గంటలు నడవండి, ఎంత శాతం దిగిందో చూడండి. దాన్నిబట్టి మొత్తం గంటలు లెక్కేస్తే కంపెనీ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టి పరీక్షించమని కొందరు చెప్తారు, వద్దు. తేమ లోపలికి చేరే ప్రమాదం తప్ప లాభం లేదు.

10. కొండ మీద వాడేటప్పుడు

విమానంలో వాచ్ రెండు వేల మీటర్ల దగ్గర చూపిస్తుంది, అది క్యాబిన్‌లో పీడనం. దిగాక ఎత్తు మళ్లీ సెట్ చేసుకోండి. ఆ తర్వాత ఎత్తు తెలిసిన ప్రతి క్యాంపులో, ప్రతి పాస్ (కనుమ) దగ్గర సరిచేయండి. క్యాంపుల ఎత్తులు ముందే ఒక కాగితం మీద రాసుకుంటే పని తేలిక.

రాత్రి పడుకునేముందు ఎత్తు చూసుకోండి, పొద్దున లేవగానే మళ్లీ చూడండి. మీరు కదల్లేదు, కానీ వాచ్ యాభై మీటర్లు ఎక్కువ చూపిస్తోంది అంటే పీడనం పడిపోయిందని అర్థం, వాతావరణం చెడే సూచన. బంగాళాఖాతంలో వాయుగుండం దగ్గరపడుతుంటే విశాఖలోనో మచిలీపట్నంలోనో వాచ్ ఇలాగే చూపిస్తుంది. చాలా వాచ్‌లలో తుఫాను అలారం ఉంటుంది. సూంటో కోర్‌లో అయితే మూడు గంటల్లో నాలుగు హెక్టోపాస్కల్స్ పడితే మోగుతుంది. ఒకచోట ఆగి ఉన్నప్పుడే దాన్ని నమ్మాలి, ఎక్కుతుంటే పీడనం ఎలాగూ తగ్గుతుంది కదా. అలారం మోగలేదని ధీమా కూడా వద్దు. మధ్యాహ్నం పూట కొండల్లో ఉన్నట్టుండి కమ్ముకునే ఉరుముల మేఘానికి పీడనం ముందుగా పెద్దగా పడకపోవచ్చు. ఆకాశం చూడండి, గైడ్ మాట వినండి.

ఉష్ణోగ్రత కావాలంటే వాచ్ చేతికి ఉండగా చూడొద్దు, అది మీ ఒంటి వేడి. తీసి నీడలో అరగంట వేలాడదీసి చూడండి.

చెమట, ఉప్పు, సన్‌స్క్రీన్ పేరుకుని పక్కనున్న సెన్సర్ రంధ్రం మూసుకుపోతే ఎత్తు ఒకే అంకె దగ్గర ఆగిపోతుంది. గోరువెచ్చటి మంచినీళ్లలో కాసేపు ఉంచి కడగండి. పిన్నుతో పొడవద్దు, లోపలి పొర చిరిగితే నీళ్లు చేరతాయి.

11. బయల్దేరేముందు

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వారం ముందే చేసుకోండి, ముందురోజు రాత్రి చేయొద్దు. ఏదైనా తేడా వస్తే సరిచేసుకునే టైం ఉండాలి. అప్‌డేట్ అయ్యాక ఒకసారి బయట నడిచి రికార్డవుతోందో చూడండి. జీపీఎక్స్ ఫైల్ వాచ్‌లో ఓపెన్ చేసి చూడండి, ఫోన్‌లో ఉంటే చాలదు. ఫోన్ నోటిఫికేషన్లు, రాత్రిపూట ఆక్సిజన్ కొలత, చేయి ఎత్తగానే లైటు వెలగడం ఆపేయండి, బ్యాటరీ బాగా మిగులుతుంది. యూనిట్లు మీటర్లలో పెట్టుకోండి, గైడ్లు అడుగుల్లో చెప్తే 3.28తో భాగిస్తే సరి. ఛార్జింగ్ కేబుల్ ఒక్కో బ్రాండ్‌కి ఒక్కోలా ఉంటుంది, పక్క టెంట్‌లో అడిగితే దొరక్కపోవచ్చు. రెండోది కొని, మొదటిది మీ బ్యాగులో, రెండోది మీతో వచ్చేవాళ్ల బ్యాగులో పెట్టండి.